పింగళ నామ సంవత్సరం, పొద్దున ఎనిమిదీ నలభై నాలుగు

మా చెల్లెలి కూతురి సుకన్య సమృద్ధి పాసుపుస్తకం మొన్న నా చేతికొచ్చింది. ఖాతా తెరిచింది 2017 జనవరి 24న. అప్పటికి పాప ఇంకా ఉయ్యాల్లోనే ఉంది. పోస్టాఫీసు గుమస్తా అట్ట లోపలివైపు నీలం పెన్నుతో ‘మెచ్యూరిటీ 24-1-38’ అని రాసిచ్చాడు. ఈ పథకంలో పదిహేనేళ్లు కడితే చాలు, తెరిచిన రోజు నుంచి ఇరవై ఒక్కేళ్లు నిండాక డబ్బు చేతికొస్తుంది. ఎంత వస్తుందో లెక్కేసి చెప్పమని చెల్లెలు పుస్తకం నాకిచ్చింది. నా కన్నేమో ఆ 38 దగ్గర ఆగిపోయింది. ఆ తేదీకి సరిగ్గా ఐదు రోజుల ముందు, 2038 జనవరి 19 మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, లోకంలో కొన్ని కంప్యూటర్లకు అంకెలు అయిపోతాయి.

సంక్రాంతి వెళ్లి నాలుగైదు రోజులై ఉంటుంది. పుంగనూరు పల్లెల్లో పాలు పోసి ఆడవాళ్లు ఇళ్లకు చేరే వేళ. మదనపల్లె యార్డులో టమోటా లారీల చుట్టూ మనుషులు తిరిగే వేళ. కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కినవాళ్లు అక్కడ ఆఫీసుల్లో కూర్చునే వేళ.

ముందు విషయం చెప్పాలి. యూనిక్స్ తయారుచేసినవాళ్లు కాలాన్ని తేదీలుగా కాక సెకన్ల లెక్కగా దాచుకున్నారు. 1970 జనవరి 1, గ్రీన్‌విచ్ అర్ధరాత్రి వాళ్లకు సున్నా. అక్కణ్ణించి ఒక్కో సెకనుకు ఒక్కో అంకె. ఆ లెక్క రాసుకునే గడికి 32 బిట్లు. అందులో ఒకటి ధనమా రుణమా అనే గుర్తుకు పోతే మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అన్ని సెకన్లంటే అరవై ఎనిమిదేళ్ల చిల్లర. ఆ పైన ఒక్క సెకను కలిపితే గుర్తు తిరగబడుతుంది, తేదీ 1901 డిసెంబరుకు పోతుంది. పాత స్కూటరు మీటరు 99999 దాటాక ఒక రౌండు కొట్టి సున్నాకొచ్చేది చూశాం కదా, అలాంటిదే. కాకపోతే ఇది సున్నా దగ్గర ఆగదు, దానికీ అరవై ఎనిమిదేళ్లు వెనక్కి పోతుంది.

ఈ చిక్కు మనకు కొత్తది కాదని నాకనిపిస్తుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లతో మన సంవత్సరాలూ ఇలాగే తిరుగుతాయి. ‘పింగళ నామ సంవత్సరం’ అని మాత్రమే రాసున్న పాత కాగితం దొరికితే అది 1917లో మొదలైన పింగళా, 1977లో మొదలైన పింగళా అన్నది కాగితం చెప్పదు. 2037 ఉగాదికి మళ్లీ పింగళే వస్తుంది. ఆ మంగళవారం పొద్దు కూడా పింగళలోనే పడుతుంది. ఇది తెలిసే మన పెద్దలు శాసనాల్లో సంవత్సరం పేరు పక్కన శక సంవత్సరం కూడా చెక్కించారు. 1960లు, 70లలో మెమొరీ ఖరీదై, 1978కి బదులు 78 అని రాసుకున్న ప్రోగ్రామర్లు శకం వదిలేసి ఏడాది పేరు ఒక్కటే రాసుకున్నట్టయింది. మన గుమస్తా రాసిన 38 కూడా అదే. పాప ముఖం చూసినవాడెవడూ దాన్ని 1938 అనుకోడు. మిషను పాప ముఖం చూడదు.

వైటూకే అని పేరుపడిన ఆ రెండంకెల తప్పు తెలుగువాళ్లకు అన్నం పెట్టింది. 1998, 99ల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్పే బోర్డులు ఎన్ని వెలిశాయో ఆ రోజుల్లో హైదరాబాదులో గది తీసుకుని ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. అమెరికా హెచ్-1బి వీసాల గరిష్ఠ పరిమితిని 65 వేల నుంచి 1 లక్షా 15 వేలకు పెంచింది 1999కి. మదనపల్లెలో బీఎస్సీ చదివిన నా స్నేహితుడు ఆరు నెలలు కోబాల్ నేర్చుకుని విమానమెక్కాడు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో తేదీ ఉన్న ప్రతి వరుసనూ వెతికి, రెండంకెలను నాలుగంకెలు చేయడం అక్కడ అతని పని. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇళ్లు కట్టుకున్న మనవాళ్లలో చాలామంది మొదటి జీతం ఆ పనిదే. కాబట్టి వైటూకే నిజంగా పెద్ద ప్రమాదమే అని నమ్మడంలో మనకు కొంత స్వార్థం ఉంది. ఆ సంగతి ముందే ఒప్పుకుని తూకం వేస్తే మంచిది.

ఎందుకంటే 2000 జనవరి 1న ఏమీ కాలేదు. విమానాలు రాలలేదు, బ్యాంకులు మూతపడలేదు. అది ఉత్త భయం, కంపెనీలు డబ్బు చేసుకోవడానికి పుట్టించిందని అప్పటి నుంచీ అనేవాళ్లున్నారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఇటలీ, దక్షిణ కొరియా లాంటి దేశాలు అమెరికా, బ్రిటన్‌లంత ఖర్చు పెట్టలేదు, అంత తొందరా పడలేదు. అక్కడ కూడా తెల్లారింది. ఇంత తక్కువ చేసినచోటా ఏమీ కాకపోతే, వేల కోట్ల డాలర్లు పోసినచోట ఆ డబ్బంతా అవసరమేనా?

దీనికి రెండో వైపువాళ్లు చెప్పే జవాబులో బలముంది. ఇటలీ బ్యాంకు వాడింది కూడా అమెరికాలో సరిచేసిన సాఫ్ట్‌వేరునే. ఒకచోట దిద్దితే ఆ దిద్దుబాటు లోకమంతా పాకింది. ఊళ్లో నలుగురు పశువులకు టీకాలు వేయిస్తే వేయించని ఐదోవాడి ఆవు కూడా బతికినట్టు. ఇంకో సంగతి, ఏమీ కాలేదనడం పూర్తిగా నిజం కాదు. ఇంగ్లండులోని షెఫీల్డులో గర్భిణుల రక్తపరీక్షల ఫలితాలు లెక్కకట్టే ఒక కంప్యూటరు 2000 జనవరి నుంచి మే దాకా తల్లుల వయసును తప్పుగా కట్టింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఎంతో తేల్చడానికి ఆ వయసు కూడా కావాలి. 150 మందికి పైగా తల్లులకు తప్పుడు ఫలితం వెళ్లింది. తెర నల్లబడలేదు, గంట మోగలేదు. మిషను ప్రతిరోజూ మర్యాదగా ఒక అంకె ఇస్తూనే ఉంది, ఆ అంకె తప్పు, అంతే. తేదీ తప్పు గురించి నాకున్న భయమంతా ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది. ఆకాశం నుంచి విమానాలు పడే కథలు నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు.

అలాగని 2038 గురించి వచ్చే వీడియోలన్నీ చూసి బెదిరిపోవడం కూడా తప్పే. నేను పాతికేళ్లుగా పిల్లలకు కంప్యూటర్లు నేర్పుతున్నాను. ఫోన్ సెట్టింగుల్లో తేదీ ముందుకు జరిపి చూడమని ఏటా క్లాసులో చెబుతాను. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో సంవత్సరం 2037 దగ్గర ఆగిపోయేది. “ఏంది సార్ ఇది, ముప్పై ఏడు దాటి పోలేదే!” అని పిల్లలు ఎగబడి చూసేవాళ్లు. ఇప్పుడు వాళ్ల జేబుల్లో ఉన్నవి దాదాపు అన్నీ 64 బిట్ల ఫోన్లు. 64 బిట్ల గడిలో సెకన్లు రాసుకుంటూ పోతే 29 వేల కోట్ల సంవత్సరాలకు గానీ నిండదు, అప్పటికి సూర్యుడే ఉండడు. 32 బిట్ల యంత్రాలకు కూడా దారి దొరికింది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్ నుంచి వాటిలోనూ కాలాన్ని 64 బిట్లలో లెక్కపెట్టుకోవచ్చు. ఈ పని చేసినవాళ్లు ఎక్కువమంది పేరు కోసం చూడని ప్రోగ్రామర్లు. వాళ్లను తలచుకోకుండా ఈ విషయం రాయడం నాకిష్టం లేదు.

బ్యాంకుల సంగతి మా పాప పాసుపుస్తకమే చెబుతోంది. ఇరవై ఒక్కేళ్ల పథకం, ముప్పై ఏళ్ల ఇంటి అప్పు, దీర్ఘకాలపు బీమా పాలసీ రాసేవాళ్ల ముందుకు 2038 ఎప్పుడో వచ్చేసింది. 2008లో ముప్పై ఏళ్ల అప్పు ఇచ్చినవాడి కంప్యూటరు ఆ రోజే 2038ని లెక్కకట్టాలి. కట్టలేకపోతే ఆ రోజే తెలిసిపోయేది, ఆ రోజే దిద్దుకునేవాళ్లు. దూరం చూసే లెక్కలున్నచోట ప్రమాదం ముందే బయటపడుతుంది. పాపకు రావలసిన డబ్బు గురించి చెల్లెలికి నేను ధైర్యం చెప్పింది ఇందుకే.

మరి భయమెక్కడ? నాకు తెలిసిన ఒక పాల కేంద్రం చెబుతాను. పుంగనూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. పుంగనూరు అనగానే అందరూ అడిగే పొట్టి ఆవులు కావు, ఇక్కడ పాలు పోసేవన్నీ జెర్సీలు, హెచ్‌ఎఫ్‌లు. తెల్లవారుజామున ఐదున్నరకు ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతారు. పాలు కొలిచి, చిన్న సీసాలో కొంచెం తీసి ఫ్యాట్ మిషను గొట్టం కింద పెడతారు. అర నిమిషానికి ఫ్యాటు, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటర్లు, రేటు, తేదీ ఉన్న చీటీ బయటికొస్తుంది. దాన్ని మడిచి కొంగుకు ముడేసుకుంటారు. పదిహేను రోజులకోసారి బిల్లు.

నాలుగేళ్ల కిందట ఆ మిషనులో రూపాయి బిళ్లంత ఉండే బ్యాటరీ అయిపోయింది. రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి తేదీ 01-01-00 అయింది. మూడు రోజుల పాటు చీటీలన్నీ 2000 సంవత్సరంవే వచ్చాయి. ఎవరూ చూడలేదు, ఎందుకు చూస్తారు? ఫ్యాటు చూస్తారు, లీటర్లు చూస్తారు. బిల్లులో ఆ మూడు రోజుల పాలు లేవు. ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి చీటీలన్నీ అరుగు మీద పరిచి, “నేను పోసినానా లేదా నాయనా, నువ్వే చెప్పు” అని నిలదీసింది. కేంద్రం కార్యదర్శి ఆ మూడు రోజుల లెక్కా పుస్తకంలో చేత్తో రాసి, పైఆఫీసుకు పోయి కూర్చుని, పది రోజుల్లో డబ్బు రాబట్టాడు. ముప్పై రూపాయల బ్యాటరీ మార్చాక అంతా మామూలే.

ఈ కథ రెండు వైపులకూ సాక్ష్యమే. తేదీ తప్పింది, కొంప మునగలేదు, మనుషులు సరిదిద్దారు, ఇంత చిన్నదానికి ఇంత చర్చ ఎందుకని ఒకరనొచ్చు. సరిదిద్దగలిగింది చీటీ కాగితం ఉంది గనుక, చేత్తో రాసే పుస్తకం ఉంది గనుక, ముసలమ్మను పేరు పెట్టి పిలిచే మనిషి మధ్యలో ఉన్నాడు గనుక అని ఇంకొకరనొచ్చు. నాకు రెండో మాటలో బరువు ఎక్కువ కనబడుతుంది. ఎందుకంటే ఆ మూడూ తగ్గిపోతున్నాయి. చీటీ బదులు మెసేజి వస్తోంది, పుస్తకం బదులు సర్వరు, కార్యదర్శి బదులు నేరుగా బ్యాంకు ఖాతా. ఇవి మంచి మార్పులే. మధ్యలో నొక్కేసేవాళ్లు పోయారు. వాళ్లతో పాటు తప్పు పట్టుకునేవాళ్లూ పోతున్నారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే నా పాత విద్యార్థి, కుప్పం అబ్బాయి, దీనికి ఎదురు చెప్పాడు. “సార్, ఇప్పుడున్న మిషను 2038కి ఒక్కటైనా మిగులుతుందా? మా ఆఫీసులో ఐదేళ్లకోసారి అన్నీ మార్చేస్తాం.” అతని మాట అతని ఆఫీసుకు అక్షరాలా నిజం. కానీ నగరం ఐదేళ్లకు పారేసింది మనూళ్లో పదేళ్లు బతుకుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండుగా కొన్న కంప్యూటర్లతో నడిచే ఇన్‌స్టిట్యూట్లు, నెట్ సెంటర్లు మా చుట్టూ ఎన్నో. ఆ పాల కేంద్రంలో మిషను వయసు పద్నాలుగేళ్లు. మోటార్లు, స్టార్టర్లు, డ్రిప్ కంట్రోలర్లు, సీసీ కెమెరాల డబ్బాలు, బయోమెట్రిక్ హాజరు పెట్టెలు చెడిపోయేదాకా ఎవరూ మార్చరు. చెడిపోయినా ముందు రిపేరు చేయిస్తారు. అది మన గుణం, మంచి గుణమే.

పెద్ద యంత్రాల ఆయుష్షు ఇంకా ఎక్కువ. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంలో కృష్ణా నీళ్లు మల్యాల దగ్గర మొదలై ఒక్కో పంపుహౌసులో ఎత్తుకుంటూ ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచి 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి. అలాంటి పంపులు ముప్పై, నలభై ఏళ్లు తిరగాలని బిగిస్తారు. వాటి పక్కన గోడకు ఉండే కంట్రోలు బోర్డులూ అంతకాలం ఉంటాయి. ఏ బోర్డులో కాలం ఎన్ని బిట్లలో ఉందన్నది కొనేరోజు అడగవలసిన ప్రశ్న. టెండరులో ఒక్క వాక్యం చాలు, 2038 జనవరి 19 దాటిన తేదీలతో పరీక్షించి చూపించాలని. దానికి అదనంగా ఒక్క రూపాయి కాదు. అదే బిగించిన పదేళ్లకు అడిగితే మనిషిని పిలవాలి, బోర్డు విప్పాలి, నీళ్లు ఆపాలి.

ఇంకో అభ్యంతరం ఉంది, నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది అదే. మన ఊళ్లకు ఇంతకంటే దగ్గరి ప్రమాదాలున్నాయి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఎవరి పొలం కాగితం అందులో ఉందోనని జనం రోజుల తరబడి తిరిగారు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాలిపోయే మోటార్లున్నాయి, బ్యాకప్ లేని కంప్యూటర్లున్నాయి. పంచాయతీ దగ్గర పది వేలుంటే అగ్నిమాపక సిలిండరు కొనాలా, 2038 లెక్క చూడాలా? సిలిండరే కొనాలి. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ ఆ రెండు ప్రమాదాల గుణం ఒకటి కాదు. మంట లేస్తే ఊరంతా చూస్తుంది, ఏ గది కాలిందో తెల్లారేసరికి తెలుస్తుంది. తేదీ తప్పు షెఫీల్డులోలాగా నెలలు దాక్కోగలదు. మంట ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఇదేమో సెకనుతో సహా తెలుసు. ముహూర్తం ఇంత ఖచ్చితంగా పెట్టుకుని వచ్చే ఆపద ఇంకోటి నాకు తెలియదు. అయినా కొన్ని చోట్ల అది ముహూర్తం దాకా ఆగలేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజి సర్వర్లలో వైరస్‌లను వెతికే భాగం తేదీని ఒకే సంఖ్యగా రాసుకునేది. 2022 జనవరి 1 రాగానే ఆ సంఖ్య 220 కోట్లు దాటింది. గడిలో పట్టేది 214 కోట్లే. కొత్త ఏడాది పొద్దున లోకమంతటా ఎన్నో ఆఫీసుల్లో ఈమెయిళ్లు ఇరుక్కుపోయాయి. 2024 ఫిబ్రవరి 29న న్యూజిలాండులో మనిషి లేకుండా నడిచే పెట్రోలు పంపులు లీపు రోజును గుర్తించలేక గంటల తరబడి కార్డులు తీసుకోలేదు. లీపు సంవత్సరం ఎవరికీ తెలియని రహస్యమా? తెలిసిందే తప్పిపోయింది.

కుప్పానికి కంప్యూటర్లతో పాత పరిచయముంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల ఆడవాళ్లు భుజానికి కెమెరా, చిన్న ప్రింటరు, సౌరఫలకం తగిలించుకుని ఊరూరా ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చి సంపాదించారు. కొత్త మిషనంటే మనవాళ్లు భయపడతారనే మాటకు అదే జవాబు. ఆ ఆడవాళ్లకు తెలిసిన పని ఒకటుంది, పొద్దున బయల్దేరేముందు బ్యాటరీ చూసుకోవడం. 2038కి కావలసింది అంతకంటే పెద్ద చదువేమీ కాదు.

అందుకే కిందటి నెల నేనూ ఆ పాల కేంద్రం కార్యదర్శీ కలిసి ఒక పని చేశాం. పొద్దుటి పాలు ముగిశాక, సాయంత్రం పాలకు ముందు, మిషను తేదీ మార్చాం. సంవత్సరం మీట నొక్కుతూ పోతే 36, 37, 38. ఆగలేదు. 20-01-38 అని పెట్టి, మిగిలిన పాలు కొంచెం పోసి చూశాం. చీటీ వచ్చింది. ఫ్యాటు 4.1, తేదీ సరిగ్గానే ఉంది. కార్యదర్శి ఆ చీటీని గోడకు అంటించాడు. తేదీ మళ్లీ వెనక్కి తెచ్చి, రెండుసార్లు సరిచూసుకున్నాం.

తర్వాత మిషను వెనక ఉన్న చిన్న పెట్టె చూశాం. లెక్కను పైకి పంపేది అదే. అగ్గిపెట్టెకు మూడింతలుంటుంది, ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దానికి తెర లేదు, మీటలు లేవు, తేదీ పెట్టే దారి లేదు. అడుగున చిరిగిన స్టిక్కరు మీద ఒక ఫోన్ నంబరుంది. కార్యదర్శి స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదని వినిపించింది. ఇంకోసారి చేశాడు, అదే మాట. పెట్టెకు నాలుగు వైపులా ఫొటోలు తీసి కుప్పం అబ్బాయికి పంపాను. రాత్రి పదకొండింటికి అతని జవాబు వచ్చింది: “లోపల ఏ చిప్పు ఉందో మూత విప్పితే గానీ తెలీదు సార్. శనివారం వస్తాను, స్క్రూడ్రైవరు నేనే తెస్తా.”